ఎర్ర ఇంకు, ఊదా మందు, మా బిడ్డ అడిగిన ప్రశ్న



ఈసారి రేటు ముచ్చట లేదు, కాంటా ముచ్చట లేదు. మా చిన్న బిడ్డ ఒక ప్రశ్న అడిగింది. దాని జవాబు కోసం నెల రోజులు తిరిగిన. ఆ తిరుగుడుల నేను ఎట్ల మోసపోయిన్నో కూడా బయటపడ్డది. సిగ్గు పక్కకు పెట్టి రాస్తున్న. పొడుగు పోస్టు, తీరిక ఉన్నప్పుడు చదువుండ్రి.

2025 ఆగస్టు మనకందరికీ యాదున్నదే. యూరియా కోసం తెల్లారకముందే పోయి, చెప్పులు లైన్ల పెట్టి, చెట్టు కింద కూసున్న రోజులవి. నాకు రెండు బస్తాలు దొరికినయ్. నాకున్నది మూడెకరాలు. ఎకరంన్నర చెల్క, ఎకరంన్నర రేగడి, రెండిట్లనూ మక్కనే. మూడో దఫా వేసుడు అప్పటికే ఆలస్యమైంది. 23 తారీఖు నాడు నేను, మా ఆమె కలిసి సాళ్ళ పొంటి వేసుకుంట పోయినం. పిడికెడు కూడా కింద పడనియ్యలేదు, అంత కష్టపడి తెచ్చింది కదా.

27, 28 తారీఖులల్ల ఏమైందో కామారెడ్డి జిల్లోళ్ళకు నేను చెప్పే పనిలేదు. పోచారం మీద నుంచి నీళ్ళు దుంకుతుంటే ఎల్లారెడ్డి దిక్కు ఊర్లోళ్ళం రాత్రంతా నిద్రపోలేదు. రోడ్లు తెగినయ్, రైలు పట్టాల కింది మట్టి కొట్టుకపోయింది. మా పెద్దలు కట్టిన ఒడ్లు కూడా ఆగలేదు. నా చేను పూర్తిగ పోలేదు, ఆ మాట చెప్పుకోవాలె. ఇసుక మేట పడ్డోళ్ళతోని పోలిస్తే నాది చిన్న నష్టం.

కానీ పది రోజులకు చెల్క మీది మక్క పాలిపోయింది. కింది ఆకులు కొసల నుంచి మొదలుపెట్టి నడి ఈనె పొంటి పసుపు పడ్డయ్. రేగడిల మూడు రోజులు నీళ్ళు నిలిచినయ్, అది కూడా పాలిపోయింది గానీ నీళ్ళు తీసినంక మెల్లగ కోలుకున్నది. అదే రోజు వేసిన యూరియా, అదే విత్తనం, అదే వాన. చెల్కల లేనిది రేగడిల ఏమున్నది?

గిదే టైముకు ఊర్లెకు ఒకాయన వచ్చిండు. బైకు మీద, మెడల ఐడి కార్డు, సంచిల సీసాలు. పేరు రాయను, కంపెనీ రాయను. రచ్చకట్ట కాడ పదిమంది కూసున్నం. ఆయన ప్లాస్టిక్ స్కేలును తలకు నాలుగుసార్లు రుద్ది కాగితం ముక్కల దగ్గర పెట్టిండు. ముక్కలు ఎగిరి అతుక్కున్నయ్.

"చూసిన్రా అన్నా, ఇదీ చార్జి అంటే. మీ నేలల నెగెటివ్ చార్జి ఉంటది. యూరియా నైట్రేట్ అయినంక దానికి కూడా నెగెటివే. రెండు నెగెటివ్‌లు ఒకదాన్నొకటి నూకుకుంటయ్. అందుకే మీ యూరియా కొట్టుకపోయింది. మా మందు కొడితే నేల పాజిటివ్ అయితది. ఇగ మీ యూరియా ఎక్కడికీ పోదు."

ఇప్పుడు చెప్తున్న, ఆయన చెప్పిన దాంట్ల సగానికి పైన నిజమే. నేను పడ్డది ఆ సగం చూసే. నేలకు నెగెటివ్ చార్జి ఉన్న మాట నిజం, నైట్రేట్ కొట్టుకపోయే మాట నిజం. నేను ఊకెనే నమ్మలేదు, ప్రశ్నలు కూడా అడిగిన. నేల పాజిటివ్ ఎట్ల అయితది అంటే అయాన్లు అన్నడు. ఆ అయాన్లు సీసాల ఎందుకు నిలుస్తయ్ అంటే నానో అన్నడు. నానో ఏం చేస్తది అంటే క్వాంటం ఎనర్జీ అన్నడు. ఎక్కడా తడబడలేదు. నాకు తెల్వదు అన్న మాట ఆయన నోట్ల నుంచి రాలేదు. అంత తెలిసినాయన అబద్ధం ఎట్ల చెప్తడు అనుకున్న. లీటరు సీసా 1,850 రూపాయలు. రెండు కొన్న.

చెల్కల మొదళ్ళ కాడ కొట్టిన. కొట్టుకుంట పోతుంటే బ్యాటరీ పంపు చార్జి అయిపోయింది. చార్జి మందు చార్జి లేకనే ఆగింది చూడుండ్రి. చీకటి పడ్డది, పది సాళ్ళు మిగిలినయ్, సగం సీసా మిగిలింది. రేపు కొడదాం అనుకున్న. రేపు ఇంకో పని, ఎల్లుండి ఇంకో పని. ఇరవై రోజులైనంక యాదికొచ్చి ఆ పది సాళ్ళు చూద్దామని పోతే, ఏవి కొట్టినవో ఏవి కొట్టనివో నాకే తెల్వలేదు. గెట్టు కాడి నుంచి లెక్కపెట్టుకుంట వస్తే తప్ప దొరకలేదు. అన్నీ ఒక్క తీరే పాలిపోయి ఉన్నయ్.

ఇగ మా బిడ్డ ముచ్చట. ఎనిమిదో తరగతి చదువుతది. రచ్చకట్ట కాడ ఆయన స్కేలు ఆట చూసింది, ఇంటికాడ అదే ఆట మొదలుపెట్టింది. తలకు రుద్దుడు, కాగితాలు లేపుడు. ఒకనాడు రాత్రి అన్నం తింటుంటే అడిగింది:

"బాపు, విజాతి ఆవేశాలు ఆకర్షించుకుంటాయి, సజాతి ఆవేశాలు వికర్షించుకుంటాయి అని బుక్కుల ఉన్నది. ఎందుకు ఆకర్షించుకుంటయ్?"

నేను ఇంటర్ దాక చదివిన. జవాబు తెలుసు అనుకున్న. "ధనావేశం, రుణావేశం అని పేర్లల్లనే ఉన్నది కదా బిడ్డా. రుణం ఉన్నోడు ధనం ఉన్నోని దిక్కు ఉరుకుతడు, నేను పంట లోను కోసం బ్యాంకుకు ఉరికినట్టు. ఇద్దరు రుణం ఉన్నోళ్ళు ఎదురుపడితే ఒకలినొకలు తప్పుకొని పోతరు."

నవ్వింది. నవ్వినంక అడిగింది, "మరి ఇద్దరు ధనం ఉన్నోళ్ళు ఎందుకు నూకుకుంటరు?"

"గెట్టు పంచాయితీ."

"మంచిగుంది గానీ బాపు, అవతల ధనం ఉన్నదని రుణానికి ఎట్ల తెలుస్తది? కండ్లుంటయా?"

అక్కడ నాకు గొంతుల బుక్క ఆగింది.

తర్వాత తెలిసింది ఏందంటే ఆ పేర్లే ఉత్త పేర్లు. ప్లస్, మైనస్ అని పెట్టింది అమెరికా ఆయన బెంజమిన్ ఫ్రాంక్లిన్, 1747 ప్రాంతంల. కిరాణం చిట్టా రాసినట్టు, ఎక్కువ ఉంటే ప్లస్, తక్కువ ఉంటే మైనస్ అన్నడు. ఏది ఎక్కువో ఏది తక్కువో ఆయనకు కనబడదు, ఒక దిక్కు ఊహించి పెట్టిండు. 1897ల జె.జె. థామ్సన్ ఎలక్ట్రాన్‌ను పట్టుకున్నంక చూస్తే, కదిలేది మైనస్ దిక్కుది అని తేలింది. అంటే తల నుంచి ఎలక్ట్రాన్లు తీసుకొని జమ చేసుకున్న స్కేలుకు 'రుణం' అని పేరు, పోగొట్టుకున్న వెంట్రుకలకు 'ధనం' అని పేరు. నా బ్యాంకు జవాబు అక్కడికే పోయింది.

వరద నష్టం కాగితాల పని మీద కామారెడ్డి పోయినప్పుడు మాకు తెలిసిన ఒక సారును కలిసిన. జూనియర్ కాలేజీల ఫిజిక్స్ చెప్తడు. బిడ్డ ప్రశ్న ఆయన ముందర పెట్టిన. ఆయన నవ్వలేదు, కుర్చీ దగ్గరికి గుంజుకున్నడు. "అన్నా, టైమున్నదా?" అన్నడు.

మొదలు కూలుంబ్ సంగతి చెప్పిండు. ఫ్రాన్స్ ఆయన. 1785ల సన్న తీగకు కట్టె వేలాడదీసి, తీగ ఎంత మెలి తిరిగిందో చూసి, చార్జీలు ఎంత బలంగ గుంజుకుంటయో కొలిచిండు. దూరం రెండింతలైతే గుంజుడు నాలుగో వంతు అయితది. ఎంత గుంజుతదో చెప్పిండు, ఎందుకో చెప్పలేదు.

కండ్ల సంగతికి జవాబు ఇంగ్లండుల ఫారడే ఇచ్చిండు. ఈయన చిన్నప్పుడు పుస్తకాలకు అట్టలు కుట్టే కొలువు చేసినోడు, పెద్ద చదువు లేదు, లెక్కలు పెద్దగ రావు. నాకు ఆయన నచ్చిండు. ఆయన ఏమన్నడంటే, చార్జి ఉన్నకాడ చుట్టూ ఉన్న జాగనే మారిపోతది. దానికి క్షేత్రం అని పేరు. మన క్షేత్రం కాదు గానీ, మన చేనుతోనే చెప్పొచ్చు అన్నడు సారు. "కాలువ నీళ్ళకు చెరువు ఎక్కడున్నదో తెలుసా? తెల్వదు. దాని కాళ్ళ కింది పల్లమే దానికి తెలుసు, అటే పోతది. ఒక చార్జి చుట్టూ పల్లం తయారు చేస్తది. రెండోది తన కింది పల్లం పొంటి జారుతది. కండ్లు అవసరం లేదు."

నాకు మస్తు సంతోషమైంది. బిడ్డకు చెప్పొచ్చు అనుకున్న. అంతల్నే నా నోట్ల నుంచే వచ్చింది, "మరి ఒక చార్జికి అది పల్లం, ఇంకో చార్జికి అదే ఎత్తు ఎందుకైతది?"

సారు ఇంకో మెట్టు దిగిండు. విజాతివి దగ్గరికొస్తే వాటి క్షేత్రాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటయ్, చుట్టూ ఉన్న బిగువు తగ్గుతది. సజాతివి దగ్గరికొస్తే బిగువు పెరుగుతది. బిగువు తగ్గే దిక్కుకే అన్నీ జారుతయ్. ఎందుకు అంటే ఇంకో మెట్టు. చార్జీల నడుమ ఫోటాన్ అనే కణం ఈ పని చేస్తది అని ఇరవయ్యో శతాబ్దపు లెక్క. ఇద్దరు బంతి ఇసురుకున్నట్టు అని పుస్తకాలల్ల రాస్తరు గానీ సారు ఆ పోలిక వద్దన్నడు, బంతి ఇసురుకుంటే నూకుడే అయితది గానీ గుంజుడు ఎట్లయితది? లెక్కల నుంచి మాత్రం వస్తదంట. ఆ మోసే కణానికి స్పిన్ అనే గుణం ఉంటది. అది 1 అయితే ఒకటే రకంవి నూకుకుంటయ్, వేరే రకంవి గుంజుకుంటయ్. భూమి గుంజుడు లెక్కల అది 2, అందుకే అక్కడ నూకుడే లేదు, అంతా గుంజుడే.

"ఆ గుణం గట్లనే ఎందుకున్నది సార్? అసలు చార్జి అనేదే ఎందుకున్నది?"

"అక్కడ మా పుస్తకం అయిపోతది అన్నా," అన్నడు.

నాకు తూకంల తక్కువ పెట్టినట్టు అనిపించింది. ఆ మాటే అన్న. గింత తాడు కట్టి గుంజినట్టు అని ఏదన్న ఒక పోలిక చెప్పరాదా, బిడ్డకు చెప్పుకుంట అన్న. అప్పుడు ఆయన ఫైన్‌మన్ సంగతి చెప్పిండు. నోబెల్ బహుమతి వచ్చిన అమెరికా శాస్త్రవేత్త. 1983ల బీబీసీ టీవీల అయస్కాంతాలు ఎందుకు నూకుకుంటయ్ అని అడిగితే, రబ్బరు బ్యాండుతోని పోల్చి చెప్తే మిమ్మల్ని మోసం చేసినట్టు అయితది అనే మాట చెప్పిండంట. ఎందుకంటే రబ్బరు సాగి మళ్ళ ఎందుకు దగ్గరికొస్తదని అడిగితే, రబ్బరు లోపలి అణువుల నడుమ ఉన్న కరెంటు గుంజుడు దగ్గరికే తిరిగి రావాలె. మన సైకిల్ ట్యూబు ముక్క కూడా గంతే. తాడు తెగకుంట ఉన్నది ఈ గుంజుడుతోనే, నేను కూసున్న కుర్చీ నన్ను కింద పడనియ్యకుంట ఆపింది ఈ నూకుడుతోనే. తాడును చార్జితోని చెప్పాలె గానీ చార్జిని తాడుతోని చెప్పరాదు. మనకు తాడు చిన్నప్పటి నుంచి అలవాటు, అందుకే అది అర్థమైనట్టు అనిపిస్తది.

వచ్చేటప్పుడు బస్సుల లింగంపేట దాటేదాక ఇదే ఆలోచన. బైకు మీద వచ్చినాయన ప్రతి ప్రశ్నకు జవాబు చెప్పిండు. ఇరవై ఏండ్లు పాఠం చెప్పిన సారు నాలుగో మెట్టు కాడ ఆగి, ఇగ తెల్వదు అన్నడు. నేను పైసలు ఇచ్చింది ఎవలకు?

సారు ఉత్త చేతులతోని పంపలేదు. ఎందుకో తెల్వకున్నా గుంజుతదా లేదా అనేది మీ ఇంటికాడనే చూసుకోవచ్చు అని ఒక పని చెప్పిండు. అది చెప్పే ముందు నేల ముచ్చట చెప్పాలె, ఇది మనకు పనికొచ్చేది.

1850ల ఇంగ్లండుల థాంప్సన్ అనే భూమి ఉన్న రైతు, వే అనే కెమిస్ట్రీ ఆయన ఒక సంగతి అచ్చేసిన్రు. మట్టి నింపిన గొట్టంల అమ్మోనియం సల్ఫేట్ నీళ్ళు పోస్తే, అమ్మోనియా మట్టిలనే ఆగిపోయింది, కింద జిప్సం నీళ్ళు దిగినయ్. ఒకటి అతుక్కుంటే దాని బదులు కాల్షియం ఊడి వచ్చింది. ఎలక్ట్రాన్ సంగతి తెలియనీకి ఇంకా 47 ఏండ్లున్నది. ఎందుకో వాళ్ళకు తెల్వదు, కానీ జరిగేది మాత్రం ఖాయంగ పట్టుకున్నరు. చౌడు నేలకు మనం జిప్సం వేసేది ఆ లెక్కతోనే. జిప్సంల కాల్షియం వచ్చి మట్టికి పట్టుకున్న సోడియాన్ని ఊడగొడుతది, నీళ్ళు పెట్టి సోడియాన్ని బయటికి పంపుతం.

మట్టికి ఆ నెగెటివ్ చార్జి ఎందుకున్నది అంటే దీనికి గట్టి జవాబే ఉన్నది. బంకమట్టి రేణువు లోపల సిలికాన్, అల్యూమినియం పొరలు పొరలుగ ఉంటయ్. అది తయారయ్యేటప్పుడు కొన్నికాడ 4 ప్లస్‌ల సిలికాన్ జాగల 3 ప్లస్‌ల అల్యూమినియం, 3 ప్లస్‌ల అల్యూమినియం జాగల 2 ప్లస్‌ల మెగ్నీషియం కూసున్నది. ప్లస్ తక్కువ పడ్డది, మైనస్ మిగిలింది. మన రేగడి రకం మట్టిల ఇది చాన ఎక్కువ, చెల్కల తక్కువ. ఆ మైనస్ రాయి పుట్టుకతోని వచ్చింది, పైనుంచి నాలుగు చుక్కలు కొడితే పోయేది కాదు.

ఇగ యూరియా. సంచిల ఉన్న యూరియాకు ఏ చార్జీ లేదు. నేలల పడ్డంక రెండు మూడు రోజులల్ల అమ్మోనియం అయితది, దానికి ప్లస్. మట్టి పట్టుకుంటది. తర్వాత సూక్ష్మజీవులు దాన్ని నైట్రేట్ చేస్తయ్, దానికి మైనస్. మట్టి పట్టుకోదు, నీళ్ళతోని పోతది. యూరియాకు వేపనూనె పూత పెట్టేది ఈ రెండో మార్పును ఆలస్యం చేయనీకే. నేను 23న వేసిన, 27న వాన. కొంత యూరియాగనే పోయింది, కొంత పై మట్టితోనే పోయింది. అమ్మోనియం అయినదాన్ని రేగడి గట్టిగ పట్టుకున్నది, చెల్కకు అంత పట్టు లేదు. రేగడిల కూడా నీళ్ళు నిలిచి కొంత గాలిల కలిసి ఉంటది, అంతా మిగిలిందని కాదు. కానీ ఆ రెండు మడుల తేడా నాకు అప్పుడు అర్థమైంది.

పరీక్ష ఇది. లీటరు నీళ్ళ సీసాలు అడుగు కోసి తలకిందులు పెట్టినం, మూతి కాడ గుడ్డ కట్టినం. రేగడి మట్టి, ఇసుక సగం సగం కలిపి నింపినం. ఉత్త రేగడి అయితే ఉబ్బి నీళ్ళు దిగనియ్యది. మెడికల్ షాపుల నోటిపూతకు పెట్టే ఊదా మందు దొరుకుతది కదా, జెన్షన్ వయొలెట్, దాని రంగుకు ప్లస్ చార్జి. ఎర్ర ఇంకు రంగుకు మైనస్ చార్జి. రెండు గ్లాసుల నీళ్ళల్ల నాలుగు నాలుగు చుక్కలు వేసి, ఒక సీసాల ఇది, ఒక సీసాల అది పోసినం.

ఊదా నీళ్ళు పోసిన సీసాల నుంచి కిందికి తెల్లటి నీళ్ళు దిగినయ్. ఎర్ర నీళ్ళు ఎర్రగనే దిగినయ్. మా బిడ్డ ఎగిరింది, "బాపు, దీన్ని పట్టుకున్నది, దాన్ని నూకేసింది!" చెల్క మట్టితోని కూడా చేసినం. అది కూడా ఊదాను ఆపింది గానీ, గ్లాసుల మీద గ్లాసులు పోస్తుంటే ముందుగాల చెల్క నుంచే ఊదా దిగుడు మొదలైంది.

అప్పుడు బిడ్డనే అన్నది. "ఆ సీసా మందు కొడితే మట్టి పాజిటివ్ అయితదన్నడు కదా. అయితే ఎర్ర ఇంకు ఆగాలె కదా?"

నాకు ఈ ఆలోచన రాలేదు, నిజం చెప్తున్న. అటక మీది సగం సీసా తీసినం. ఆయన చెప్పిన లెక్కతోని ఒక సీసా మట్టికి, దానికి రెండింతలు ఇంకో సీసా మట్టికి కలిపి ఒక రాత్రి వదిలినం. పొద్దున ఎర్ర ఇంకు పోసినం. ఎర్రగనే దిగింది. రెండిట్లనూ. ముందురోజు గ్లాసు పక్కన పెట్టి చూస్తే తేడా లేదు. ఇది ఇంటి పరీక్ష, ల్యాబు పరీక్ష కాదు, సారు కూడా ఆ మాట చెప్పమన్నడు. కానీ ఆ పది సాళ్ళు, ఈ రెండు గ్లాసులు కలిపి చూస్తే నాకు సరిపోయింది. రెండు సీసాల పైసలు 3,700. ఆ పైసలతోని నీళ్ళు తీసినంక వెంటనే లీటరుకు 10 గ్రాముల 13-0-45 కలిపి ఆకుల మీద కొట్టినా చెల్కకు కొంత అక్కరకొచ్చేది.

బిడ్డకు పల్లం ముచ్చట చెప్పిన, మెట్లన్నీ చెప్పిన, ఆఖరి మెట్టు కాడ సారు ఆగిండని కూడా చెప్పిన. "అంటే పెద్ద సైంటిస్టులకు కూడా తెల్వదా?" అన్నది. అక్కడిదాక తెలుసు బిడ్డా, దాని కిందికి ఇంకా ఎవలూ పోలేదు అన్న. కొద్దిసేపు స్కేలును చూసుకుంట కూసున్నది. నా జవాబు ఆమెకు నచ్చిందో లేదో నాకు తెల్వది. మళ్ళ తలకు రుద్దుడు మొదలుపెట్టింది.

ఈ యాసంగిల చెల్కకు యూరియా ఒకటేసారి ఎక్కువ వేయను. చిన్న చిన్నగ నాలుగు దఫాలు చేస్త, పశువుల పెంట ఎక్కువ తోలుత. పెంట మురిగితే దాని మట్టికి కూడా ఇట్లాంటి పట్టే ఉంటదంట.

ఆ సీసాలు మా ఊర్లనే కాదు, చుట్టుపక్కల చాన ఊర్లల్ల కొన్నరని విన్న. కొన్నోళ్ళు ఎవలన్న ఉంటే, నాలుగు సాళ్ళు కొట్టకుండ వదిలిన్రా, వదిలితే ఏం కనబడ్డదో రాయుండ్రి. నాకు వ్యతిరేకంగ వచ్చినా రాయుండ్రి. ఊదా మందు పరీక్ష చేసేటోళ్ళు మాత్రం పాత బట్టలు వేసుకోవాలె, చేతికంటితే రెండు రోజులు పోదు. మా బిడ్డ అట్లనే స్కూలుకు పోయింది, నన్ను తిట్టుకుంట.